ఏసేపు సాక్ష్యం

విశ్వాసమ్మ గుడి గడప తొక్కేసరికి కీర్తన సగమైపోయింది, ముందరి చాపలన్నీ నిండిపోయినాయి. ఆమె ఎప్పుడూ కూచునే జాగాలో, అయ్యగారి మాట నేరుగా వచ్చి మొగానికి తగిలే జాగాలో, కర్నూలు నుంచి వచ్చిన అయ్యగారి చెల్లెలంట, పసిబిడ్డను ఒళ్లో పండబెట్టుకొని కూచోనుంది. బిడ్డతల్లిని పక్కకు జరగమని ఎట్ల అడిగేది. అడిగితే ఎందుకంటారు, ఎందుకంటే చెవి అని చెప్పాల, చెవికేమైందంటే మళ్లీ ఆ కతంతా చెప్పాల. ఆ కత చెప్పీ చెప్పీ నోరు అరిగిపోయింది. ఆడోళ్లందరి వెనక్కి పోయి కుడిపక్క గోడకు, కిటికీ కింద కూలబడింది. కూలబడినాక గానీ తెలియలేదు, కూచోకూడని జాగాలో కూచున్నానని. కుడి చెవి కిటికీకి పోయింది. గుడికి ఎడమ చెవి మిగిలింది. ఎడమ చెవి ఉన్నా లేనట్టే, కమ్మ పెట్టుకోనీకి తప్ప ఎందుకూ కొరగాదు. రోడ్డు మీద పోయే సైకిలు బెల్లూ, వేపచెట్టు మీద కాకుల గోలా, నందికొట్కూరు బస్సు హారనూ అన్నీ ఒళ్లోకొచ్చి పడుతున్నాయి. లోపల అయ్యగారు చదివే వాక్యం మాత్రం ఎవరో లోతు బాయిలో దిగి మాట్లాడినట్టుంది.

ఎందుకు ఆలస్యమైందో ఆమెకే సరిగా తెలియలేదు. మొగుడు ఏసేపు చీకటి ఉండంగానే లేచినాడు, వాకిలి ఊడ్చినాడు, నీళ్లు కాగబెట్టినాడు, బూడిద గిన్నె చేతబట్టుకొని గుడికి పోయినాడు. కూతురు కృపారాణి పాటలోళ్లతో కూచోవాలని నాయన వెనకనే పోయింది. ఒక్కతే మిగిలి ఇంట్లో నిలబడింది. దువ్వెన యాడుంది? పోయిన వానకాలం దాకా దువ్వెన గూట్లో ఉండేది, ఉప్పు పొయ్యి పక్కన ఉండేది, ఏది యాడుందో కళ్లు మూసుకొని తీసేది. ఇప్పుడు ఆయన సర్దుతాడు. మంచికే సర్దుతాడు. ఆయన సర్దిన ఇంట్లో విశ్వాసమ్మ చుట్టానికి వచ్చినదాని మాదిరి తడుముకుంటూ తిరుగుతాది. దువ్వెన దొరికేలోపు గుడి గంట కొట్టనే కొట్టినారు.

బూడిద బుధవారం. ఈ పొద్దు నుంచి శ్రమ దినాలు, నలభై దినాలు. అయ్యగారు పోయిన ఆదివారమే చెప్పినాడు, ఒక్కొక్కరూ ఏదో ఒకటి ఇడిచిపెట్టండి, ఊరికే ఒక్కపొద్దు ఉంటే చాలదు, మీకు ప్రీతైనది ఇడవండి అని. పక్కింటి గిడ్డమ్మత్త ఆకూవక్క ఇడుస్తానంది, ఇంకొకామె టీవీలో సీరియలు ఇడుస్తానంది. విశ్వాసమ్మ వంతు వచ్చేసరికి ఏమీ తోచక కాఫీ ఇడుస్తానంది. ఇంటికొచ్చినాక కృప పడీపడీ నవ్వింది, మా, నువ్వు కాఫీ ఎప్పుడు తాగినావు మా అని. నిజమే, తాగేది టీ. కాఫీ అని ఎందుకు నోట్లో నుంచి వచ్చింది? తన దగ్గర ఇడిచేదానికి ఏముందని అప్పట్నుంచి వెతుకుతాంది. కూర ఇడుద్దామంటే కూర పండగకే వండేది. నిద్ర ఇడుద్దామంటే నిద్రే ఆమెను ఇడిచి శానా దినాలైంది. కోపం ఇడవచ్చని అయ్యగారు అన్నాడు. కోపం అనంగానే విశ్వాసమ్మ తలవంచుకుంది. అది ఉందో లేదో, ఉంటే ఎవరిమీదుందో తేల్చుకోలేకపోయింది.

ముందర బల్ల పక్కన ఏసేపు నిలబడి ఉన్నాడు, తెల్లచొక్కా, తల నున్నగా దువ్వినాడు (దువ్వెన ఆయన తీసుకుపోయినాడేమో), చేతిలో బూడిద గిన్నె. పోయిన ఏడాది మట్టలాదివారం పట్టుకున్న ఈతమట్టలు ఎండబెట్టి నిన్న సాయంత్రం గుడి వెనక ఆయనే కాల్చినాడు, బూడిదను జల్లెడ పట్టి కొబ్బరి నూనె చుక్కలు ఏసి కలిపినాడు. ఇంటికొస్తే ఒళ్లంతా పొగ వాసన. ఒకప్పుడైతే ఆయన ఒంటి వాసన పట్టి ఆ సాయంత్రం ఎట్ల గడుస్తాదో చెప్పేది. ఇంత తాగితే పాటలు, ఇంతకు మించితే తిట్లు, ఆపైనైతే కృపను ఎత్తుకొని గిడ్డమ్మత్త ఇంటికి. ఈతమట్టల పొగకు లెక్క ఏముంది? పొగ వాసనతో వచ్చి, కాళ్లు కడుక్కొని, అన్నం పెట్టుమనకుండా తానే పెట్టుకొని తిన్నాడు. ఆమె తలుపు దగ్గర నిలబడి చూసింది. ఎవరీ మనిషి అనిపించింది. మంచోడే. కృపకు లెక్కలు చెప్తాడు, పెరట్లో చిక్కుడు పాదు పెట్టినాడు, సంఘంలో అందరూ విశ్వాసమ్మా నీ ప్రార్థన ఫలించిందంటారు. తాను ప్రార్థన చేసిందా? చేసే ఉంటాది. ఏమని చేసిందో జ్ఞాపకం లేదు.

అంతకు ముందు ఏసేపు నలభై దినాల మొగుడు. ఆడోళ్లు ఆ మాట పెట్టి ఎగతాళి చేసేటోళ్లు, కలుపు తీస్తూ, విశ్వాసమ్మా నీ మొగుడు వచ్చినాడా అని. బూడిద బుధవారం నాడు నుదుటి మీద బూడిద పడిందంటే ఏసేపు సారాయి ముట్టడు. వాళ్ల నాయనకు మాటిచ్చినాడంట, ఆ మాట ఒక్క ఏడాదీ తప్పలేదు. ఆ దినాల్లో విశ్వాసమ్మ ముద్ద రుచి తెలిసి తినేది. రాత్రి తలుపుకు గొళ్లెం పెట్టకుండా పండుకునేది. ఆయన వెన్నెల్లో కూచొని చిన్నప్పటి కతలు చెప్పేవాడు, ఆత్మకూరు అడవికి కట్టెలకు పోయి ఎలుగుబంటికి భయపడి చెట్టెక్కిన కత, ప్రతి ఏడాదీ అదే కత, ప్రతి ఏడాదీ ఆమె నవ్వేది. శ్రమ దినాలంటే అందరికీ ఏడుపు దినాలు, ఆమెకు మాత్రం పండగ. ఈస్టరు పండగంటేనే ఆమెకు దిగులు. ఆదివారం పొద్దున గుడిలో అందరూ లేచినాడు లేచినాడని పాడుతుంటే ఆమె గుండె కిందికి జారేది. సోమవారం ఏసేపు బజారుకు పోయేవాడు.

ఆ సోమవారం. అక్కడికి రావద్దనుకుంటే మనసు అక్కడికే వస్తాది, గట్టు తెగిన నీళ్లు పల్లానికి పోయినట్టు. పొయ్యి మీద ముందుదినం మిగిలిన కూర వేడవుతోంది, చంకలో కృప, ఇంకా నడక రాలేదు. ఏసేపు చొక్కా తొడుక్కుంటున్నాడు. విశ్వాసమ్మ అన్న మాట ఒక్కటే, ఇంకొక్క దినం ఉండకూడదా అని. అంతే అంది. తిట్టలేదు, ఏడవలేదు, నవ్వుతానే అంది. పోయి తాగి వచ్చినాడు. వచ్చి, ఏమంటివి, మళ్లీ అను అన్నాడు. ఆమె అనలేదు. అనకపోయినా కొట్టినాడు. బిడ్డకు తగలకూడదని కుడిపక్కకు తిరిగింది, ఎడమచెంప మీద, చెవి మీద పడింది. గుయ్యిమని మోత. మిషన్లో జొన్నలు పడినట్టు మోత. ఆ మోత తెల్లారిందాకా ఆగలేదు, ఆగినాక ఇంకేమీ లేదు.

తెల్లారి ఇంట్లో అత్త అడిగింది, మొగం అట్ల ఉబ్బిందేమే అని. జ్వరమొచ్చిందత్తా, చెవిలో పోటు అంది. ఆ మాట ఎట్ల వచ్చింది? కాఫీ అన్నట్టే, ఊరికే వచ్చింది. తరువాత సూదులేసే నర్సమ్మకు జ్వరమంది, కర్నూలు పెద్దాసుపత్రిలో డాక్టరుకు జ్వరమంది, తల్లిగారింట్లో జ్వరమంది, కృప పెద్దదై అడిగితే కృపకూ జ్వరమంది. అడిగినోళ్లందరికీ ఇంకొంచెం ఇంకొంచెం కలిపి చెప్పింది, గొంగడి కప్పుకున్నా వణుకు ఆగలేదని, నుదుటి మీద తడిగుడ్డ ఏస్తే ఆవిరొచ్చిందని, మిరియాల కషాయం తాగితే వాంతి అయిందని. ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఆ జ్వరం కనబడుతుంది. గొంగడి బరువు తెలుస్తాది. కషాయం ఘాటు గొంతులో ఉంది. గొంగడి కప్పుకొని వణికింది నిజానికి అత్త, వేరే ఏడాది, తడిగుడ్డ ఏసింది తాను. తెలుసు. తెలిసీ ఆ జ్వరం తనదే అనిపిస్తాది. దెబ్బేమో రోజురోజుకూ వెలిసిపోతాంది, ఎవరో చెప్పగా విన్నట్టు. ఒక్కొక్కసారి దెబ్బనే తాను కల్పించుకున్నానేమో అని భయం.

ఏసేపుకు ఇదేమీ తెలియదు. అదొక్కటే విశ్వాసమ్మ చెయ్యి జారనియ్యకుండా పట్టుకున్న మాట. తాగినోడికి ఏం తెలుస్తాది, ఆ పొద్దు ఒళ్లు తెలియకుండా పడిపోయినాడు, పాపం. తెలిసి కొట్టినోనితో కాపురం ఎట్ల చేస్తారు? తెలియక కొట్టినోనితో చెయ్యొచ్చు. చేసింది.

పక్కామె మోచేత్తో పొడిచింది. అందరూ లేచి వరస కట్టినారు. విశ్వాసమ్మ లేచి, కొంగు నెత్తిన కప్పుకొని, వరసలో నిలబడింది. ముందర గిడ్డమ్మత్త, ముడతల నుదురు మీద బూడిద గీత వంకర పోయింది. విశ్వాసమ్మ తల్లిగారింటోళ్లు హిందువులు, పెళ్లి దాకా ఆమె నుదుట కుంకుమ ఉండేది. బాప్తిస్మం నాడు తుడిచినారు. ఏడాదికొక్కసారి ఈ పొద్దు అయ్యగారి బొటనవేలు నుదుటికి తగిలితే, చిన్నప్పుడు అమ్మ గడ్డం పట్టుకొని, కదలొద్దమ్మే అని బొట్టు పెట్టినట్టే ఉంటాది. అట్ల అనుకోవచ్చో కూడదో ఎవరినీ అడగలేదు. అయ్యగారి పక్కన ఏసేపు గిన్నె పట్టుకొని నిలబడినాడు. ఆమె దగ్గరికి వచ్చేసరికి గిన్నె కదిలింది. ఆయన చెయ్యి వణుకుతోంది. తాగుడు మానిన కొత్తలో అట్ల వణికేది, ఇప్పుడెందుకు? ఒంట్లో బాగలేదా? పోయిన వానకాలం బాయి గట్టు మీద నెత్తురు కక్కుకున్నాడు, ఇంకొక్క చుక్క తాగితే ఈడికి తీసుకురావద్దని డాక్టరు చెప్పినాడు, అప్పట్నుంచి ముట్టలేదు. మళ్లీ ఏమన్నా అయ్యిందా? మన్నులో నుంచి వచ్చినావమ్మా, మన్నులోకే పోతావు అన్నాడు అయ్యగారు, దగ్గర కాబట్టి వినబడింది. ఆమేన్ అనాలనేది మరిచిపోయి, మొగుని కళ్లలోకి చూసింది. ఏసేపు కళ్లు దించుకున్నాడు.

తిరిగొచ్చి కిటికీ కింద కూచుంది. అందరూ కూచున్నారు. అయ్యగారేదో చెప్పి పక్కకు జరిగినాడు, ఏసేపు గిన్నె బల్ల మీద పెట్టి ముందుకొచ్చినాడు. సాక్ష్యం. సాక్ష్యం చెప్తాడా? పొద్దున్నే చెప్పకపోయె. చొక్కా ఉతికినాడంటే అందుకేనా? విశ్వాసమ్మ మెడ సాచి, తల గిర్రున ఎడమకు తిప్పింది, కుడి చెవి లోపలికి తిరగాలని. తిప్పితే ఆయన కనబడడు, గోడ కనబడుతుంది. మొగం చూడాలా, మాట వినాలా? మొగం చూసింది. ఏసేపు గొంతు ఎప్పుడూ సన్నమే, తాగితేనే పెద్దది. ముక్కలు ముక్కలుగా అందుతోంది. మా నాయన... సారాయి... మాయమ్మ చచ్చిపోయిన దినం కూడా తాగే ఉంటి... బిడ్డకు పాలు లేకుంటే... అవును, అవన్నీ నిజమే, అవన్నీ ఊరికి తెలిసినవే. మగోళ్ల పక్కన తలలూపుతున్నారు. ఆ తరువాత ఏసేపు ఆగినాడు. రెండు చేతులూ పట్టుకున్నాడు. పాటలోళ్లలో కూచున్న కృప వైపు చూసినాడు. నోరు తెరిచినాడు.

అప్పుడే కిటికీ పక్కన ట్రాక్టరు వచ్చి ఆగింది, వెనక శనగ నూర్పిడి మిషను, ఇంజను ఆపకుండా డబడబమని. డ్రైవరు ఎవరినో గట్టిగా అడిగినాడు, కంబన్న చేనుకు ఇట్లనేనప్పా పోయేది? ఇట్ల కాదు, వెనక్కి తిప్పుకో, వాగు దాటినాక ఎడమకు తిరుగు, బోరు కనబడతాది అని ఎవరో చెప్పినారు. వాగులో నీళ్లుండాయా అన్నాడు డ్రైవరు. యాడి నీళ్లు, ఇసకే. ప్రతి మాటా వచ్చింది, ఒక్క అక్షరం పోకుండా వచ్చింది. లోపల ఏసేపు పెదవులు కదులుతున్నాయి. పెదవులు కదిలి, ఆగి, మళ్లీ కదిలినాయి. ట్రాక్టరు వెనక్కి తిరిగి పోయేసరికి ఆయన మాట అయిపోయింది.

తలలు తిరిగినాయి. ముందర ఒకామె, ఆమె పక్కనామె, మగోళ్ల వైపు పెద్దాయన, అట్ల ఒకరి వెనక ఒకరు, అందరూ తిరిగి కిటికీ కింద ఉన్న విశ్వాసమ్మను చూసినారు. బూడిద గీతల నుదుళ్లు. ఎవరూ నవ్వడం లేదు, కోపంగా లేరు. కృప చూస్తోంది. ఆ చూపు విశ్వాసమ్మ ఎప్పుడూ చూడలేదు, పిల్ల మొగంలో రక్తం లేదు. ఏమి చెప్పినాడు? ఇంకొకతి ఉందని చెప్పినాడా? ఉంటే ఈపాటికి ఊరికంతా తెలిసుండదా. నెత్తురు మళ్లీ పడిందని చెప్పినాడా, దినాలు దగ్గరికొచ్చినాయని చెప్పినాడా, అందుకేనా చెయ్యి వణికింది, అందుకేనా ఇంట్లో అన్నీ సర్దుతాండాడు? లేకుంటే ఇల్లూ వాకిలీ ఇడిచి సువార్తకు పోతానన్నాడా? లేకుంటే తననేమన్నా పొగిడినాడా, నా భార్య ఓర్పు వల్లనే అని, సాక్ష్యం చెప్పేటోళ్లందరూ చివరికి అట్లనే అంటారు. పొగిడితే కృప అట్ల ఎందుకు చూస్తాది? చెవి? కాదు. చెవి సంగతి ఆయనకు తెలియదు. అది కాదు, అది తప్ప ఇంకేదైనా కావచ్చు. అందరూ చూస్తుంటే ఏదో ఒకటి చెయ్యాల కదా అని విశ్వాసమ్మ తల ఊపింది. దేనికి ఊపినానో ఏమో అని వెంటనే భయమేసింది. ఏమి ఒప్పుకుంది తాను?

అందరూ మోకాళ్ల మీద వంగినారు, ఆమే వంగింది. ప్రార్థనలో ఎవరో ఏడుస్తున్న అలికిడి. మా ఋణములు క్షమించుము అనే చోట నోరు అలవాటుగా పలికింది, మనసు మాత్రం ట్రాక్టరు వెంబడి వాగులో ఇసక దాటుతోంది. ఊరందరి దగ్గరా ఒక మాట ఉంది, తన గురించి, తన దగ్గర మాత్రం లేదు. ఇట్లాంటిది ఎప్పుడన్నా ఎవరికన్నా అవుతాదా?

బయట మెట్ల కాడ అయ్యగారి భార్య, అమ్మగారు, వచ్చి రెండు చేతులూ పట్టుకుంది. ఇన్నేండ్లు కడుపులో పెట్టుకున్నావే తల్లీ, దేవుడు చూసినాడు అంది. విశ్వాసమ్మ అవునమ్మగారూ అంది. ఇంకొకామె భుజం నిమిరి పోయింది. వాళ్లలో ఎవరినైనా అడగొచ్చు, నా మొగుడు ఏం చెప్పినాడని. అడగనీకి నోరు రాలేదు. కృప ఎవరికోసమూ ఆగకుండా బస్సు ఆగే చోటికి దిగిపోయింది. ఏసేపు అందరికంటే వెనక, గుడి గోడ పక్కన కూచొని చెప్పులు తొడుక్కుంటున్నాడు. ఏదో బరువు దించినోని మాదిరి భుజాలు వాలిపోయినాయి. ఆమె పోయి ఎదురుగా నిలబడింది.

"ఏమప్పా, లోపల ఏం చెప్పినావు?"

ఆయన తల ఎత్తినాడు. "ఇన్లేదా?"

"ట్రాక్టరు వచ్చె. నాకు ఇనపళ్లేదు."

ఏసేపు మొగం చూస్తుండంగానే మారిపోయింది. అయిపోయిందనుకున్న పని మళ్లీ మొదటికొచ్చినట్టు. చెప్పు ఒకటి తొడుక్కున్నాడు, ఒకటి మరిచిపోయినాడు. ఇంటికి పోయినాక చెప్తాలే అన్నాడు.

"ఊరందరికీ చెప్పినావు. నాకు చెప్పనీకేమి?"

ఆయన లేచినాడు. అటూ ఇటూ చూసి, ఆమె చుట్టూ తిరిగి, కుడిపక్కకు వచ్చి నిలబడినాడు. గుడిలో అంతమంది ముందర వచ్చిన మాట ఇక్కడ రాలేదు. వేపచెట్టు వైపు చూసినాడు.

"నీ చెవి జ్వరానికి పోలేదని చెప్పినా. నేను కొడితే పోయిందని చెప్పినా."

కాకులు అరుస్తానే ఉన్నాయి. విశ్వాసమ్మకు మొదట తోచింది, కాదు, జ్వరమే అని చెప్పాలని. నోటిదాకా వచ్చింది, కాదప్పా, గొంగడి కప్పుకుంటి, కషాయం తాగితి అని. ఎవరికోసం ఆ మాట?

"నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"తెల్లారినప్పట్నుంచి. పొయ్యి కాడ నువ్వు మాయమ్మకు జ్వరమని చెప్తాంటివి, నేను మంచంలో పండుకొని ఇంటాంటి. నువ్వే జ్వరమంటివి గదా, జ్వరమే అనుకుంటే పాయె అనుకుంటి."

అంటే అప్పట్నుంచీ. అత్తకు చెప్పేటప్పుడు విన్నాడు. పెద్దాసుపత్రికి బస్సులో పక్కన కూచొని వచ్చినాడు, డాక్టరు ముందర ఆమె జ్వరమంటే, అవున్సార్, శానా కాగిపోయింది ఒళ్లు అని తానే అందించినాడు. ఆమె ఎంత జాగ్రత్తగా దాచింది, ఆయనకు తెలిస్తే కుమిలిపోతాడని! ఒకే అబద్ధం కింద ఇద్దరూ పండుకున్నారు, ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు కప్పుకున్నారు. తెలిసి కొట్టినోనితో కాపురం ఎట్ల చేస్తారని అనుకునింది గదా, చేసేసింది. వెన్నెల్లో ఎలుగుబంటి కతకు నవ్వినప్పుడు కూడా ఆయనకు తెలుసు. మరి ఇప్పుడు వస్తున్నదేమిటి, కోపమా? కోపమైతే వేడిగా రావాల. ఇది చల్లగా, కాళ్ల కింద నుంచి వస్తోంది. అందులో సంతోషం లాంటిది కూడా కొంచెం ఉంది, అదెందుకో అసలు తెలియలేదు. దెబ్బ తాను కల్పించుకున్నది కాదు. అది నిజమే.

"కృప ముందర ఎందుకు చెప్పినావు? దానికి నువ్వు ఇప్పుడిప్పుడే నాయనవైతివి."

"దాని మొగం చూసే నోరు తెరిచినా. అది నన్ను మంచోడు మంచోడంటాంటే తట్టుకోలేకపోతాండా మే." ఆయన ఏడుస్తున్నాడు, నుదుటి మీద బూడిద కనుబొమ్మ మీదికి రాలింది. "నన్ను క్షమిస్తావా?"

విశ్వాసమ్మ వెతికింది. నిజంగానే వెతికింది, గూట్లో దువ్వెనకు వెతికినట్టు, లోపల ప్రతి చోటా. ఉందో లేదో తెలియలేదు.

"తెల్దప్పా. పండగకు అడుగు."

అన్నాక, ఇస్తానని మాటిచ్చినట్టయిందా, ఇవ్వనన్నట్టయిందా అని ఆమెకే సందేహం వచ్చింది. ఏసేపు మాత్రం తల ఊపినాడు. సరే, అడుగుతా అన్నాడు. రెండో చెప్పు చేతిలో పట్టుకొని అక్కడే నిలబడినాడు.

బస్సు ఆగే చోట కృప పుస్తకాల సంచి ఎదకు హత్తుకొని నిలబడి ఉంది. అమ్మను చూసి దగ్గరికి రాలేదు, దూరం కూడా పోలేదు. బూడిద తుడుచుకునింది, తుడిచిన చోట నుదురు ఎర్రగా కందింది. బస్సు దుమ్ము లేపుకుంటూ వస్తోంది. ఎక్కబోతూ వెనక్కి తిరిగి అడిగింది, "నొప్పయిందా మా?"

డాక్టరు ఎన్ని దినాలైందని అడిగినాడు, అత్త ఏం తిన్నావని అడిగింది, తల్లిగారింట్లో అమ్మ ఎవరి దిష్టి తగిలిందని అడిగింది. ఈ మాట ఎవరూ అడగలేదు. విశ్వాసమ్మ ఏదో చెప్పబోయింది, బస్సు కదిలింది. అయింది తల్లీ అన్నది బస్సు పోయినాక.

ఆ పొద్దు కూలి కంబన్న చేనులో, వాగు దాటి పోవాల. ఆడోళ్లు అప్పుడే సాళ్లలోకి దిగినారు, ఎండ ముదిరితే శనగకాయలు పగిలి రాలిపోతాయని చకచకా పీకుతున్నారు. గుడికి పోయొచ్చినోళ్ల నుదుళ్ల మీద బూడిద, పోనోళ్లకు లేదు. విశ్వాసమ్మ గిడ్డమ్మత్త పక్క సాలు పట్టింది. శనగ మొక్కల మీద మంచులో ఉండే పులుపు వేళ్ల పగుళ్లలోకి దిగి చురుక్కుమంటోంది. వంగి, పీకి, పిడికిలి నిండితే పక్కన కుప్ప పెట్టి, మళ్లీ వంగి. ఆమె మొగం చూడకుండా, చేతుల వైపే చూస్తూ గిడ్డమ్మత్త ఆమె కుడిపక్కకు జరిగింది.

"నీ మొగుడు కొత్తగా చెప్పినట్టు చెప్పినాడు గానీ, మాకందరికీ తెలుసు గదమ్మే."

విశ్వాసమ్మ చెయ్యి ఆగింది. "ఏం తెలుసత్తా?"

"ఆ పొద్దు బిడ్డ ఏడుపు మాయింటికి ఇనపడలేదా? నీ చెంప మీద వేళ్లు కనపడలేదా? నువ్వు జ్వరమంటివి. నువ్వే అట్ల అంటాంటే మేమేమంటాము. సరేలే, జ్వరమే అంటిమి."

అయితే ఎవరికి తెలియదు? ఆయనకు తెలుసు, ఊరికి తెలుసు. తెలిసే చచ్చిపోయిందేమో ఏసేపు తల్లి కూడా. గొంగడి, తడిగుడ్డ, కషాయం, అంత వివరంగా చెప్తుంటే వీళ్లందరూ అయ్యో అయ్యో అని విన్నారు. తానొక్కతే నమ్మింది. ఎవరినుంచి దాచినట్టు ఇన్నేండ్లు? ఆమెకు నవ్వొచ్చింది. నవ్వు అనుకున్నది గొంతులోకి వచ్చేసరికి వేరేగా మారింది. నడుము నిటారుగా లేపి, చేతిలోని శనగ పిడికిలిని కుప్పలో పెట్టకుండా అట్లనే పట్టుకొని నిలబడింది. దూరంగా బోరు దగ్గర మిషను మొదలైంది, పొట్టు గాలికి లేస్తోంది. దాని మోతకు తన మాట వాళ్లకు అందదేమో అని, విశ్వాసమ్మ గొంతు పెంచింది.

"నేను ఒక్క మాటే అంటి అత్తా. ఇంకొక్క దినం ఉండకూడదా అంటి. నవ్వుతానే అంటి."

గిడ్డమ్మత్త నడుము పట్టుకొని లేచింది. పక్క సాళ్లలో వంగినోళ్లు ఒకరొకరే లేచి, చేతుల మట్టి కొంగుకు తుడుచుకుంటూ దగ్గరికి వచ్చినారు. విశ్వాసమ్మ మొదటినుంచి చెప్పింది, పొయ్యి మీద కూర నుంచి, చంకలో బిడ్డ నుంచి, తెల్లారిందాకా ఆగని మోత దాకా. అందులో జ్వరం లేదు.